కల్చర్ రిపోర్టు ఆలస్యం ల్యాబ్‌లో జరిగేది కాదు

"రక్త పరీక్షలు సాయంత్రానికల్లా వస్తున్నాయి, యూరిన్ కల్చర్‌కు మాత్రం మూడు రోజులా? ల్యాబ్ వాళ్లు కావాలనే లాగుతున్నారా?" అని ఒకరు అడిగారు. గుంటూరులో మైక్రోబయాలజీ ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. ఎవరూ లాగరండీ. కల్చర్ అంటే శాంపిల్‌లోని బ్యాక్టీరియాను పెంచి చూడటం. అవి పెరగాలి, అంతే.

ఈ రోజు ప్లేటు మీద శాంపిల్ గీస్తే కాలనీలు, అంటే బ్యాక్టీరియా గుంపుల చుక్కలు, కనబడేది రేపు. ఏ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగుతుందో చూసే సెన్సిటివిటీ పరీక్ష అప్పుడు మొదలవుతుంది. ఆ కాలనీలను సెలైన్‌లో కలిపి, ఆ నీటి మసక 0.5 మెక్‌ఫర్లాండ్ అనే ప్రమాణానికి సరిపోయిందో లేదో చూసి, ముల్లర్ హింటన్ అగార్ అనే జెల్లీ లాంటి పదార్థం మీద పరిచి, మందు డిస్కులు పెడతాం. మళ్లీ 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు. తర్వాత డిస్కు చుట్టూ ఏమీ పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, ఆ మందుకున్న పట్టిక చూసి ఎస్ (మందు పనిచేస్తుంది), ఐ (మధ్యస్థం), ఆర్ (పనిచేయదు) వేస్తాం. అగార్ 4 మి.మీ. మందం ఉండాలి. పల్చగా పోస్తే వలయం పెద్దదై, పనిచేయని మందుకు కూడా ఎస్ వచ్చేస్తుంది. ఇలాంటి చోట తొందర చేయమంటే ఎలా?

నన్నడిగితే అసలు ఆలస్యం మెడికల్ షాపు కౌంటర్ దగ్గర మొదలవుతుంది. షుగర్ ఉన్న ఒక పెద్దావిడకు మూత్రంలో మంట. మైక్రోస్కోపులో చీము కణాలు నిండుగా ఉన్నాయి, ప్లేటు మీద మాత్రం ఏమీ పెరగలేదు. రిపోర్టు చూసి వాళ్లబ్బాయి కౌంటర్ మీద చరిచాడు. "ఇన్ని రోజులు ఆపి గ్రోత్ లేదని రాస్తారా?" నేను ఆవిడను అడిగాను: "అమ్మా, ముందే ఏమైనా మాత్రలు వేసుకున్నారా?" ఆవిడ సంచిలోంచి సగం ఖాళీ అయిన సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్ తీసింది. "షాపులో ఇచ్చారు నాయనా, మంట తగ్గగానే ఆపేశా." కొడుక్కి ఆ సంగతే తెలియదు. ముందే మందు పడితే బ్యాక్టీరియా ప్లేటు మీద పెరగకపోవచ్చు.

సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితాలోది. 2014 నుంచి డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసుకునే అమ్మాలి. కత్తెరతో మూడు మాత్రలు కత్తిరించి ఇచ్చే షాపుల్లో ఆ రిజిస్టరు ఎవరు చూశారు? దీని మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు.

తర్వాత ఆవిడ జ్వరం, నడుం నొప్పితో ఆసుపత్రిలో చేరింది. ఈసారి ఇంజెక్షన్ మొదలుపెట్టకముందే డాక్టరు శాంపిల్ తీయించారు. ఈ.కోలై అనే బ్యాక్టీరియా పెరిగింది, మిల్లీలీటరుకు లక్షకు పైన. నైట్రోఫ్యురాంటోయిన్ అనే యాంటీబయాటిక్‌కు పెద్ద వలయం వచ్చింది. "ఎస్ ఉందిగా, ఆ మాత్రే ఇవ్వొచ్చుగా" అన్నాడు కొడుకు. అది మూత్రంలో బాగా చేరుతుంది కానీ కిడ్నీ కణజాలంలో సరిపడా ఉండదు, జ్వరం ఉన్నప్పుడు పనికిరాదు. అందుకే డాక్టరు ఇంజెక్షనే కొనసాగించారు. మిషన్ రిపోర్టుల్లో ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే అతి తక్కువ మందు మోతాదు) అంకె తక్కువున్న మందే గొప్పదనుకోవడం కూడా ఇలాంటిదే. ఒక్కో మందుకు హద్దు ఒక్కోలా ఉంటుంది, ఒకదాని అంకెను ఇంకోదానితో పోల్చకూడదు.

మీరు ఇప్పటికే ఏవైనా మాత్రలు వేసుకుని ఉంటే శాంపిల్ ఇచ్చేటప్పుడు ఆ స్ట్రిప్ చూపించి, ఫారం మీద మందు పేరు రాయించండి. గ్రోత్ లేదని వచ్చినా దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో డాక్టరుకు తెలుస్తుంది.