సున్నా ఎక్కడ పెట్టావు?

ప్రశ్న: మేడమ్, అమలాపురం దగ్గర ఎం.ఫార్మసీ చదువుతున్నాను. ఎలుక మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలోకి మందు ఎక్కించాలి. ముందు నీలం రంగుతో సరిచూద్దామని అట్లాసు (మెదడు పటాల పుస్తకం) నంబర్ల ప్రకారమే సూది దించాను. మెదడు కోసి చూస్తే రెండు ఎలుకల్లో రంగు వేరే చోట పడింది. గైడ్ గారు చిరాకు పడుతున్నారు, నాకేమో టెన్షన్. తప్పెక్కడ?

జవాబు: నంబర్ల జోలికి తర్వాత వెళ్దాం. సున్నా ఎక్కడ పెట్టావో చెప్పమ్మా.

పసిపిల్లలకి ఆముదం పెట్టే మాడు ఉంటుంది కదా, అది పూడాక అక్కడ అతుకులు కలిసే చోటే బ్రెగ్మా. ఎలుక పుర్రె మీదా ఉంటుంది. దాని వెనక అతుకులు కలిసేది లాంబ్డా. 3.6 వెనక్కి, 2 పక్కకి అంటే ఆ మిల్లీమీటర్లు బ్రెగ్మా నుంచే. మా నాన్న రాజోలు వైపు సర్వేలో గొలుసు లాగేవారు. రాయి జరిగిందంటే ఎంత జాగ్రత్తగా కొలిచినా మన గట్టు పక్కవాడి చేలో తేలుతుందనేవారు.

చిక్కేమిటంటే, బ్రెగ్మా పెన్నుతో పెట్టిన చుక్కలా ఉండదు. అతుకులు వంకరటింకరగా వస్తాయి, కుడివైపుదీ ఎడమవైపుదీ ఒక్కోసారి ఒకచోట కలవవు. పైపొర గీకి, ఎముక తుడిచి ఆరబెట్టు, అప్పుడు గీతలు తేలతాయి. వంకరల్ని పట్టించుకోకుండా రెండువైపులా సగటు గీత ఊహించుకుని, అది నడిమి గీతని కోసే చోట సున్నా పెట్టు.

ఇక తల మట్టం. నా మొదటి ఎలుకకి, తలని చట్రంలో బిగించే చెవి కడ్డీల్లో ఒకటి చెవి రంధ్రంలో సరిగా కూర్చోలేదు. తల కదలట్లేదు కదా అని నేను సరిపెట్టుకున్నాను. సాయంత్రం కోసి చూస్తే రంగంతా వెంట్రికిల్‌లో (మెదడులో నీరుండే ఖాళీ), కాలవలో సిరా పోసినట్టు పాకిపోయింది! కడ్డీలు సరిగా పడితే ముక్కు పైకీ కిందకీ ఆడాలి, పక్కలకి మాత్రం ఆడకూడదు. తర్వాత సూది మొనని బ్రెగ్మా మీదా, లాంబ్డా మీదా ఆనించి ఎత్తులు చూడు. తేడా ఉంటే ఎలుక పళ్లు ఆనే పంటి కడ్డీ జరుపు.

లోతు దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఒకరు పుర్రె పైనుంచి కొలుస్తారు, ఇంకొకరు పుర్రె కింద మెదడుని కప్పే డ్యూరా పొర నుంచి. నువ్వు చూసిన పేపర్‌లో ఏది రాశారో మళ్లీ చదువు.

పాక్సినోస్, వాట్సన్ల అట్లాసు (మొదటి కూర్పు 1982) సుమారు 290 గ్రాముల మగ విస్టార్ ఎలుకలది. 180 గ్రాముల పిల్లకి ఆ నంబర్లు యథాతథంగా పనికిరావు.

గురి తప్పిన ఆ రెంటినీ లెక్కలోంచి తీసెయ్, కానీ తీసేసినట్టు థీసిస్‌లో రాయి. వాటి బరువెంతో ఈసారి ఉత్తరంలో చెప్పు. నా అనుమానమంతా దాని మీదే.