సమాధానం: పేజీ మార్చినా గూగుల్‌లో పాత టైటిలే, లింకుల లెక్కా కలవడం లేదు

మీ పేజీ టైటిల్ మార్చి పది రోజులైనా గూగుల్ పాతదే చూపిస్తోందన్నారు కదండీ. సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే టూల్ సెర్చ్ కన్సోల్‌లో పైనున్న పెట్టెలో పేజీ అడ్రస్ పేస్ట్ చేసి, ‘లాస్ట్ క్రాల్’ తేదీ (గూగుల్ చివరిసారి ఆ పేజీ చదివిన రోజు) చూడండి. అది మీరు మార్చిన రోజు కంటే ముందుదైతే గూగుల్ బాట్ (పేజీలు చదివే ప్రోగ్రామ్) ఇంకా రాలేదన్నమాట. పేజీని మళ్లీ చదవమని అడిగే ‘రిక్వెస్ట్ ఇండెక్సింగ్’ ఒక్కసారి నొక్కండి చాలు. పదిసార్లు నొక్కినా వరసలో ముందుకు జరగరు.

తేదీ తర్వాతదేనా? అయితే అక్కడే గూగుల్ ఎంచుకున్న కానానికల్ (ఒకే పేజీకి ఉన్న అడ్రస్సుల్లో అసలైనదిగా తీసుకున్నది) ఏదో చూడండి. తిరకాసు తరచూ ఇక్కడే ఉంటుంది. పేజీకి పాత అడ్రస్ కూడా ఇంకా తెరుచుకుంటుంటే గూగుల్ దాన్నే పట్టుకుని కూర్చోవచ్చు. పాతదాని నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (పాత అడ్రస్‌కు వచ్చినవారిని శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టి, కనీసం ఏడాది ఉంచండి. అదీ సరిగ్గానే ఉంటే హెచ్1 చూడండి: టైటిల్ ట్యాగ్ ఒక్కటే మార్చి పేజీలోని పెద్ద శీర్షిక పాతదే వదిలేస్తే, గూగుల్ దాన్నే ఎత్తి చూపించవచ్చు.

ఇక లింకులు. మీ సైట్‌కు బయటి నుంచి వచ్చే లింకుల సంఖ్య కన్సోల్‌లో ఒకటి, వేరే టూల్స్‌లో ఇంకొకటి చూపిస్తోందన్నారు. కన్సోల్‌లో కనిపించేది నమూనా మాత్రమే, అందులో నోఫాలో లింకులూ (‘దీన్ని లెక్కలోకి తీసుకోవద్దు’ అని గూగుల్‌కు చెప్పే గుర్తు ఉన్నవి) కలిసే ఉంటాయి. బయటి టూల్స్ తమ సొంత బాట్‌తో లెక్కేస్తాయి కాబట్టి రెండూ కలవవు. ఒకే సైట్‌లో ప్రతి పేజీ అడుగున వచ్చే ఫుటర్‌లో మీ లింకు ఉంటే 300 పేజీలకు 300 లింకులు! అందుకే మొత్తం అంకె వదిలేసి ‘టాప్ లింకింగ్ సైట్స్’ (మీకు లింకిచ్చిన సైట్ల జాబితా) చూడండి. గూగుల్‌లో అడ్రస్ ముందు ‘లింక్:’ (link:) అని పెట్టి వెతకడం మాత్రం దండగ, 2017లోనే గూగుల్ దాన్ని పక్కన పెట్టేసింది.