నాన్నగారికి మూత్రం పాలలా వస్తోంది, ఆపరేషన్ అన్నారు. చేయించాలా?

మీ నాన్నగారిది కైలూరియా అని తేల్చి ఆపరేషన్ చెప్పారని రాశారు. మా నాన్నగారికీ ఇదే వచ్చిందండి. మాది అమలాపురం దగ్గర ఊరు.

మాకు మొదటి ఏడాది వృథాగా పోయింది. ఊళ్లో వాళ్లు ధాతువు పోతోందన్నారు. ఒక డాక్టరు ఇన్ఫెక్షన్ అని నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడించారు. నాన్నగారు చిక్కి సగమయ్యారు. పులస పులుసో, నెయ్యి వేసిన పూతరేకులో తిన్న మర్నాడు మూత్రం మరీ తెల్లగా ఉంటోందని కనిపెట్టింది అమ్మే. కాకినాడలో యూరాలజిస్టుకు ఆ ముక్క చెప్పగానే ఆయనకు అర్థమైంది.

తిన్న కొవ్వు పేగుల నుంచి శోషరస నాళాల్లోకి (లింఫ్ నాళాలంటారు) వెళ్తుంది. ఆ రసం పాలలా ఉంటుంది. మన వైపు క్యూలెక్స్ దోమ ఎక్కించే బోదకాలు పురుగు ఆ నాళాలను పాడుచేస్తే, ఒత్తిడి పెరిగి అవి కిడ్నీ దగ్గర చిట్లి, రసం మూత్రంలోకి కారుతుంది. కాలు వాయకపోయినా ఇది రావచ్చు. నాన్నగారి కాళ్లు ఈరోజుకీ మామూలుగానే ఉన్నాయి.

ముందే ఆపరేషన్ దాకా వెళ్లలేదండి. మూడు నెలలు నూనె, నెయ్యి, కొవ్వు చేపలు మాన్పించి, పప్పు, గుడ్డు తెల్లసొన, వెన్న తీసిన మజ్జిగ పెట్టమన్నారు. బోదకాలు పురుగుకి వాడే డీఈసీ మాత్రలు ఇచ్చారు. వంటకు ఎంసీటీ నూనె రాశారు, అది శోషరసంలోకి పోకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. కొబ్బరి నూనెలో ఆ రకం కొవ్వు కొంతే, మన ఇంటి నూనె సరిపోతుందని అనుకోకండి. తెలుపు తగ్గింది కానీ ఆగలేదు. సిస్టోస్కోపీలో, అంటే మూత్రం దారిలో కెమెరా గొట్టం పెట్టి, ఎడమ వైపు నుంచి కారుతోందని చూసి, ఆ కారే చోటు మూసుకుపోవడానికి ఆ కిడ్నీలోకి నీళ్లు కలిపిన పొవిడోన్ అయోడిన్ మందు ఎక్కించారు. ఆరు నెలలు బాగుంది. మళ్లీ మొదలై, మూత్రంలోనే గడ్డలు కట్టి అది ఆగిపోతుంటే అప్పుడు ఆపరేషన్‌కి ఒప్పుకున్నాం.

కిడ్నీ తీసేస్తారని అమ్మ ఏడ్చింది. తీయరండి. లాప్రోస్కోపీతో (చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్) కిడ్నీ చుట్టూ, రక్తనాళాలు లోపలికి వెళ్లే చోట, శోషరస నాళాలను ఒక్కొక్కటిగా విడదీసి, క్లిప్పు వేసి కోస్తారు. పక్కనే ఉన్న రక్తనాళాలకు దెబ్బ తగలకూడదు, చాలా ఓపిక కావాలి. ఇలాంటివి ఎన్ని చేశారో సర్జన్‌ని మొహమాటపడకుండా అడగండి.

ఏ వైపు కారుతోందో చూశారా, మందు ఎక్కించి చూశారా అన్నవి కూడా అడగండి. మనిషి చిక్కిపోతూ, గడ్డలు పడుతూ ఉంటే మాత్రం వాయిదా వేయకండి.

రెండో వైపు నుంచీ రావచ్చని మాకు చెప్పారు. అందుకే నాన్నగారు ఇప్పటికీ అప్పుడప్పుడు పొద్దున్నే గాజు సీసాలో పట్టి చూసుకుంటారు. నాలుగేళ్లయింది, తెలుపు కనబడలేదు.