ప్రింటర్ పనే కదా అని తీసిపారేయకండి

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చివరి సంవత్సరం. ఇంటర్న్‌షిప్‌లో నెలన్నరగా వాడికి ఒకటే పని: విండోస్, లినక్స్, మ్యాక్ కంప్యూటర్లన్నిటి నుంచీ ఒకే ప్రింటర్‌కి ప్రింట్ వెళ్ళేలా చేయడం. ఈ ప్రింటర్ రిపేరు పని మాన్పించి, వాడి స్నేహితుల్లాగా సైబర్ సెక్యూరిటీ కోర్సులో చేర్పించాలా? ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకరు కేబుళ్ళ పని అంటారు, ఇంకొకరు హెల్ప్ డెస్క్ అంటారు. అడిగేది కోర్సు గురించే అయినా లోపలి దిగులు మాత్రం "మావాడు వెనకబడిపోతున్నాడేమో" అన్నదే. వెనకబడలేదు. నా మాట నమ్మండి.

వాడు చేస్తున్నది రిపేరు కాదు. విండోస్ తన ప్రింటర్‌ను పంచుకునేది ఎస్ఎంబీ అనే నెట్‌వర్క్ భాష ద్వారా, 445 పోర్టు (కంప్యూటర్‌లోకి వెళ్ళే నంబరున్న ద్వారం లాంటిది) మీద. లినక్స్, మ్యాక్‌లలో ప్రింటింగ్ చూసుకునేది కప్స్ అనే సాఫ్ట్‌వేర్; అది మాట్లాడేది ఐపీపీ అనే మరో భాష, పోర్టు 631. లినక్స్ సర్వర్ విండోస్‌తో దాని పద్ధతిలోనే మాట్లాడాలంటే మధ్యలో సాంబా అనే దుబాసీ లాంటి సాఫ్ట్‌వేర్ కావాలి. పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీ ఎలా ఉండాలో ప్రింటర్‌కి చెప్పే భాష) తెలియని ప్రింటర్‌కి పోస్ట్‌స్క్రిప్ట్ పంపితే కాగితాల నిండా కోడ్ అచ్చవుతుంది. ప్రింటర్ వేరే సబ్‌నెట్‌లో, అంటే నెట్‌వర్క్‌లోని వేరే విభాగంలో ఉంటే, పింగ్‌కి ("ఉన్నావా" అనే పలకరింపుకి) బదులిస్తుంది కానీ మ్యాక్ జాబితాలో కనిపించదు, ఎందుకంటే ప్రింటర్ తన ఉనికిని చాటే ఎండీఎన్ఎస్ కబురు మామూలుగా ఆ విభాగాలను కలిపే రౌటర్ దాటదు. ఈ చిక్కుముడిని ఒక్కసారి సొంతంగా విప్పుకున్నవాడికి నెట్‌వర్క్ ఒంటబట్టినట్టే.

సైబర్ సెక్యూరిటీ రంగం మీద నాకు అనుమానం లేదు. ఒక్క సర్వర్ కూడా నిలబెట్టి చూడని పిల్లలకు మూడు నెలల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సుల మీదే అనుమానం. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడింది. విండోస్‌లో ప్రింట్ పనులను వరుసలో పెట్టి పంపే ప్రింట్ స్పూలర్ సిస్టమ్ స్థాయి అధికారంతో నడుస్తుంది కాబట్టి, దాన్ని లొంగదీసుకున్నవాడికి కంప్యూటర్ మొత్తం లొంగిపోయేది. ఆ ఆగస్టులో వచ్చిన అప్‌డేట్‌తో ప్రింటర్ డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) పెట్టడానికి అడ్మిన్ అనుమతి తప్పనిసరైంది. 2024 సెప్టెంబరులో కప్స్ వంతు వచ్చింది. దానికి తోడుండే కప్స్-బ్రౌజ్డ్ అనే సర్వీసు 631 పోర్టు మీద ఎవరు పంపిన ప్యాకెట్‌నైనా, అంటే నెట్‌వర్క్‌లో వచ్చే ఏ సమాచారపు ముక్కనైనా, నమ్మేది. సెక్యూరిటీ క్లాసులో పాఠంగా చెప్పే ఈ రెండు లోపాలూ మీవాడు రోజూ చేయి పెడుతున్న చోటే పుట్టాయి. స్నేహితులు స్లైడ్లలో చూసేది వాడు సెట్టింగుల్లో చూస్తున్నాడు.

ఇంకో మాట, కాస్త కటువుగానే అంటాను. ఉత్తరంలోనే "ప్రింటర్ రిపేరు" అని రాశారంటే ఇంట్లో వాడి ముందు ఎన్నిసార్లు అని ఉంటారో! కన్నతల్లి నోట ఆ మాట విన్న పిల్లవాడు ఇంటర్వ్యూలో తన పని గురించి తలెత్తి ఎలా చెప్పుకుంటాడు? పోల్చి చెప్పమన్నారు కానీ, నాకు దిగులంతా దీని గురించే. దయచేసి ఆ మాట మానేయండి.

అలాగని జీవితాంతం ప్రింటర్ల దగ్గరే ఉండమనను. డ్రైవర్ లేకుండానే ప్రింట్ చేసే ఆపిల్ వారి ఎయిర్‌ప్రింట్ 2010లోనే వచ్చింది. విండోస్ కూడా కంపెనీల సొంత డ్రైవర్లను క్రమంగా వదిలించుకుంటోంది. ఒట్టి డ్రైవర్లు ఎక్కించే పనికి ముందు ముందు గిరాకీ ఉండదు. అందుకే ఇంటర్న్‌షిప్ పూర్తి చేయనివ్వండి, ఏ లోపం ఎలా పట్టుకున్నాడో రోజూ రాసుకోమనండి, లినక్స్ సర్వర్ నడపడం, స్క్రిప్టులు రాయడం వైపు జరగమనండి. సెక్యూరిటీ కోర్సు ఆ తర్వాత. ఫీజు కట్టే ముందు మాత్రం వాడినే వెంటబెట్టుకుని వెళ్ళి, ల్యాబ్‌లో సర్వర్‌ను మొదటి నుంచీ సొంతంగా పెట్టనిస్తారా అని వాడి చేతే అడిగించండి.