కొత్త టీవీలో సినిమా సీరియల్‌లా కనిపించడానికీ, ఆటలో బటన్ ఆలస్యంగా పనిచేయడానికీ కారణం ఒకటే

గోపాలపట్నం నుంచి మీరు అడిగిన ప్రశ్నలో రెండు ఫిర్యాదులున్నాయి. కొత్తగా కొన్న 55 అంగుళాల టీవీలో, థియేటర్‌లో చూసిన సినిమానే మళ్లీ వేసుకుంటే అది సీరియల్‌లాగా, స్టూడియోలో వీడియో కెమెరాతో తీసినట్టుగా కనిపిస్తోందన్నది మొదటిది. అదే టీవీకి ప్లేస్టేషన్ తగిలించి మీ అబ్బాయి క్రికెట్ ఆడుతుంటే, బటన్ నొక్కాక కాస్త ఆగి గానీ బ్యాటు లేవడం లేదన్నది రెండోది. టీవీలోనే లోపం ఉందేమో, షాపు వారిని మార్చి ఇమ్మనాలేమో అని మీ సందేహం. మార్చి ఇమ్మని అడగనవసరం లేదు. ఈ రెండు ఇబ్బందులూ ఒకే చోట పుడుతున్నాయి, రెండూ సెట్టింగుల్లోనే సర్దుకుంటాయి.

నేను ఫిల్మ్ రీళ్ల కాలంలో జగదాంబ సెంటర్ దగ్గర ఒక థియేటర్‌లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేశాను. డిజిటల్ వచ్చాక విశాఖలోనే ఇళ్లలో టీవీలు, సౌండ్ సిస్టములు బిగించే పనిలో ఉన్నాను. మీరు అడిగిన ఈ ప్రశ్న సీతమ్మధార నుంచి గాజువాక దాకా దాదాపు ప్రతి కొత్త టీవీ దగ్గరా వింటూనే ఉంటాను కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

సినిమా సెకనుకు 24 ఫ్రేములతో, అంటే 24 విడివిడి బొమ్మలతో నడుస్తుంది. మూకీల కాలంలో చేత్తో తిప్పే కెమెరాలు ఉండేవి కాబట్టి వేగం ఒక్కో చోట ఒక్కో రకంగా ఉండేది. శబ్దాన్ని కూడా ఫిల్మ్ మీదే ముద్రించడం మొదలయ్యాక వేగం మారితే గొంతు కూడా మారిపోతుంది కాబట్టి, 1920ల చివరికి 24 అనే లెక్క స్థిరపడింది. మన తెలుగు టాకీలన్నీ ఆ లెక్కలోనే తీశారు. 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకు 16 ఫ్రేములు, అంటే ప్రొజెక్టర్‌లో ఫిల్మ్ మీద కాంతి పడే కిటికీని, మేం గేటు అనేదాన్ని, నిమిషానికి 90 అడుగుల ఫిల్మ్ దాటుతుంది. ఒక్కో ఫ్రేము గేటులో క్షణం ఆగుతుంది, షట్టర్ రెక్కలు దాన్ని తెర మీద రెండుసార్లు వెలిగిస్తాయి, అందుకే 24 ఫ్రేములే ఉన్నా కంటికి అదురు తెలియదు. ఛాయాగ్రాహకుడు కూడా ఈ 24ను దృష్టిలో పెట్టుకునే కెమెరా తిప్పుతాడు. ఒక వస్తువు తెర ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి సుమారు 7 సెకన్లు పట్టేలా చూసుకోవాలని ఆ పనిలో ఉన్నవారు చెప్పుకునే ఒక లెక్క ఉంది. కదిలే చేతి అంచున కనిపించే ఆ కొద్దిపాటి మసక కూడా, సాధారణంగా సెకనులో 48వ వంతు సేపు కాంతి పడేలా షట్టర్ పెట్టడం వల్ల, తెలిసి ఉంచినదే.

మీ టీవీ తెర సెకనుకు 50 లేదా 60 సార్లు, ఖరీదైన వాటిలో 100 లేదా 120 సార్లు కొత్త బొమ్మ చూపగలదు. 24 ఫ్రేముల సినిమాను 60కి సర్దాలంటే ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతి దాన్ని రెండుసార్లు చూపాలి. అప్పుడు కెమెరా మెల్లగా పక్కకు తిరిగే చోట చిన్న కుదుపు కనిపిస్తుంది. ఆ కుదుపును పోగొట్టడానికని టీవీ కంపెనీలు ఒక సదుపాయం పెట్టాయి. టీవీలోని ప్రాసెసర్ వరుసగా ఉన్న రెండు అసలు ఫ్రేములను పోల్చి, ఏది ఎటు కదిలిందో అంచనా వేసి, మధ్యలో ఉండవలసిన బొమ్మలను తానే తయారు చేస్తుంది. దీన్ని పూర్తి స్థాయిలో పెడితే, 60 సార్లు మారే తెర మీద సెకనుకు అసలు ఫ్రేములు 12 మాత్రమే తమ సమయానికి వచ్చి పడతాయి, మిగిలిన 48 టీవీ ఊహించినవే. అంటే మీరు చూస్తున్న సినిమాలో అయిదింట నాలుగు వంతులు ఎవరూ కెమెరాతో తీయని బొమ్మలు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే కొన్న రోజున చాలా టీవీల్లో ఈ సదుపాయం పనిచేస్తూనే ఉంటుంది, ఇంటివారికి ఆ సంగతే తెలియదు.

ఆ ఊహ ఎక్కడ తప్పుతుందో మీరే చూడవచ్చు. మొన్న అక్కయ్యపాలెంలో ఒక ఇంట్లో చూపించాను. వేగంగా అడుగులు పడే ఒక పాట పెట్టి, నర్తకి ముఖాన్ని కాకుండా చేతి వేళ్లను మాత్రమే గమనించమన్నాను. వెనుక కిటికీ ఊచలున్న చోట చెయ్యి అడ్డంగా కదిలిన ప్రతిసారీ, వేళ్ల చుట్టూ ఊచలు కరిగి నీళ్లలా అలలు తిరిగాయి, ఒకచోట అయిదు వేళ్లకు ఆరో వేలు కూడా మొలిచి మాయమైంది. ఆ సదుపాయాన్ని ఆపి అదే చరణం మళ్లీ వేస్తే వేళ్లు మసకగా ఉన్నా వేళ్లలాగే ఉన్నాయి. ఆ ఇంటి పెద్దావిడ అప్పటిదాకా కళ్లజోడు మార్చుకోవాలేమో అనుకుంటున్నారట.

ఇక "సీరియల్‌లాగా" అని మీరు సరిగ్గా పట్టుకున్నారు. మన దేశపు టీవీ ప్రసారాలు మొదటి నుంచీ 50 హెర్ట్జ్ లెక్క మీద నడిచాయి. స్టూడియోలో వీడియో కెమెరా సెకనుకు 50 అర బొమ్మలను (ఒకసారి సగం గీతలు, తర్వాతి సారి మిగతా సగం) తీసేది కాబట్టి వార్తలు, సీరియళ్లు, క్రికెట్ అన్నీ నున్నగా కదిలేవి. సినిమా మాత్రం 24 ఫ్రేములదే. ఏళ్ల తరబడి ఈ రెండింటినీ చూసిన మన కన్ను, నున్నటి కదలిక కనబడితే స్టూడియో అని, 24 కనబడితే సినిమా అని గుర్తు పెట్టుకుంది. టీవీ మధ్య బొమ్మలు చేర్చగానే సినిమా కదలిక స్టూడియో కదలికగా మారిపోతుంది, అప్పుడు రాజమహల్ సెట్టుగా, గడ్డం అతికించిన గడ్డంగా కనిపిస్తాయి.

ఎక్కువ ఫ్రేములు ఉంటే మంచిదే కదా అని కొందరు వాదిస్తారు. దర్శకుడే ఎక్కువ ఫ్రేములతో తీయడం వేరు, టీవీ తనంతట తాను చేర్చడం వేరు. దర్శకుడు పీటర్ జాక్సన్ 2012లో "ది హాబిట్" మొదటి భాగాన్ని 48 ఫ్రేములతో తీసి విడుదల చేసినప్పుడు కూడా చాలామంది ప్రేక్షకులు మీరు చెప్పిన ఫిర్యాదే చేశారు. 2018 డిసెంబరులో నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్‌క్వారీ కలిసి, సినిమా చూసేటప్పుడు ఈ సదుపాయాన్ని ఆపమని ప్రేక్షకులను కోరుతూ ఒక వీడియోనే విడుదల చేశారు. మరుసటి ఏడాది టీవీ కంపెనీలు, సినిమా స్టూడియోలు కలిసిన యూహెచ్‌డీ అలయన్స్ అనే సంఘం "ఫిల్మ్‌మేకర్ మోడ్" అనే టీవీ సెట్టింగును ప్రకటించింది, మార్టిన్ స్కోర్సెసీ, క్రిస్టఫర్ నోలన్ వంటి దర్శకులు దానికి మద్దతు పలికారు. మీ టీవీలో ఆ పేరు ఉంటే సినిమాకు అదే పెట్టుకోండి, మధ్య బొమ్మల తయారీ దానంతట అదే ఆగుతుంది.

ఇప్పుడు మీ అబ్బాయి బ్యాటు సంగతి. రెండు ఫ్రేముల మధ్య బొమ్మ ఊహించాలంటే రెండో ఫ్రేము ముందుగా చేతికి రావాలి. అది వచ్చేదాకా టీవీ మొదటి ఫ్రేమును ఆపి ఉంచక తప్పదు. దానికి తోడు శబ్దం, రంగు, అంచుల పదును సవరించే పనులు ఒక్కొక్కటీ మరికొంత సమయం తీసుకుంటాయి. సినిమాలో ఈ ఆలస్యం ఎవరికీ తెలియదు, ఎందుకంటే టీవీ మాటను కూడా అంతే సేపు ఆపి పెదవులతో కలుపుతుంది. ఆటలో అలా కుదరదు. వేలు నొక్కిన క్షణాన్ని ఎవరూ వెనక్కి జరపలేరు. ఈ సవరణలన్నీ పనిచేస్తున్న టీవీలో ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటడం మామూలే. సెకనుకు 60 ఫ్రేములతో నడిచే ఆటలో అది 6 ఫ్రేములు, బంతి పడి లేచే చోట షాట్ తప్పిపోవడానికి అది చాలు. మీ అబ్బాయి ఆట రాక ఔటవడం లేదని ఇంట్లో అందరికీ చెప్పండి.

దీన్ని కొలిచి చూసుకోవచ్చు. మీ ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే, కంట్రోలర్ మీది వేలు, టీవీ తెర రెండూ కనిపించేలా పెట్టి వీడియో తీయండి. వేలు బటన్‌ను అదిమిన ఫ్రేము నుంచి తెర మీద కదలిక మొదలైన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 24 ఫ్రేములు వస్తే మొత్తం 100 మిల్లీసెకన్లు. ఇందులో కంట్రోలర్‌కూ ఆటకూ చెందిన వాటా కూడా ఉంటుంది, కాబట్టి అంకె సున్నాకు రాదు. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టి మళ్లీ తీయండి, ఎంత తగ్గిందో అదంతా టీవీ తిన్న సమయం.

గేమ్ మోడ్ చేసేది ఇంతే, ఈ సవరణలను పక్కన పెట్టి వచ్చిన బొమ్మను వచ్చినట్టు తెరకు పంపుతుంది. అది పెడితే టీవీ వాటా చాలా వాటిలో 10 నుంచి 20 మిల్లీసెకన్లకు దిగుతుంది. టీవీకి ప్లేస్టేషన్‌ను కలిపే హెచ్‌డీఎంఐ కనెక్షన్ కొత్త రకం 2.1తో వచ్చిన ఆటో లో లేటెన్సీ మోడ్ (ఆలస్యాన్ని దానంతట అదే తగ్గించే ఏర్పాటు) మీ టీవీలోనూ ప్లేస్టేషన్ 5లోనూ ఉంటే, ఆట మొదలైనప్పుడు టీవీ తానే గేమ్ మోడ్‌కు మారుతుంది. లేకపోతే చేత్తో మార్చుకోవాలి.

సినిమాకు ఆపవలసిన సెట్టింగు పేరు ఒక్కో కంపెనీలో ఒక్కో రకంగా ఉంటుంది. సామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ, పాతవాటిలో ఆటో మోషన్ ప్లస్. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, మరికొన్నింటిలో ఎంఈఎంసీ. పిక్చర్ సెట్టింగుల లోపల ఇవి దొరుకుతాయి. సామ్‌సంగ్, ఎల్‌జీ సెట్లలో మనమే సర్దుకునే ఎంపికలో జడ్డర్ (కుదుపు), బ్లర్ (మసక) అని రెండు విడివిడి మీటలుంటాయి. సినిమాను సీరియల్ చేసేది ప్రధానంగా జడ్డర్ మీట, దాన్ని సున్నాకు దించండి. ఓఎల్‌ఈడీ తెర అయితే ఒక్కో చుక్కా క్షణంలో మారిపోతుంది కాబట్టి 24 ఫ్రేముల కుదుపు కొంచెం ఎక్కువ తెలుస్తుంది, అలాంటప్పుడు ఒకటో రెండో ఉంచుకున్నా నాకు అభ్యంతరం లేదు. క్రికెట్ ప్రసారానికి బ్లర్ మీటను మీకు నచ్చినంత పెంచుకోండి, అక్కడ చెడిపోయేదేమీ లేదు.

చాలామంది దగ్గర పని చెడేది మరో చోట. చాలా టీవీల్లో ఈ సెట్టింగులు ఒక్కో ఇన్‌పుట్‌కు వేరువేరుగా నిలుస్తాయి. సెట్‌టాప్ బాక్సు ఉన్న హెచ్‌డీఎంఐ 1లో మార్చినది ప్లేస్టేషన్ ఉన్న హెచ్‌డీఎంఐ 2కు వర్తించకపోవచ్చు, టీవీలోని ఓటీటీ యాప్‌లకు మళ్లీ విడిగా మార్చవలసి రావచ్చు. కాబట్టి సినిమా యాప్‌లో నడుస్తుండగానే మెనూ తెరిచి ఫిల్మ్‌మేకర్ మోడ్ లేదా సినిమా మోడ్ పెట్టండి, ఆట నడుస్తుండగా గేమ్ మోడ్ పెట్టండి. టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక ఒకసారి సరిచూసుకోండి. సినిమా మోడ్‌లో తెర మొదట పసుపుగా అనిపిస్తుంది. షోరూమ్‌లో పది టీవీల మధ్య కంటికి కొట్టాలని నీలం పెంచి ఉంచుతారు, అది చూసి అలవాటైన కంటికి అసలు తెలుపు పసుపుగా తోస్తుంది. కొన్నాళ్లు మార్చకుండా ఉంచండి.

ఇవన్నీ చేశాక కూడా ఆటలో ఆలస్యం ఉందంటే, ముందు ఆట మెనూలో పైకీ కిందికీ వెళ్లి చూడండి. అక్కడ వెంటనే కదిలి, ఇంటర్నెట్‌లో ఇతరులతో ఆడేటప్పుడు మాత్రమే ఆలస్యమైతే అది నెట్ కనెక్షన్‌ది, వైఫైకి బదులు ప్లేస్టేషన్‌కు నేరుగా కేబుల్ పెట్టి చూడాలి. బ్లూటూత్ స్పీకర్‌లో శబ్దం మాత్రమే వెనకబడితే ఆ స్పీకర్‌కు హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని కేబుల్‌తో స్పీకర్‌కు పంపే దారి) ఉంటే దాని ద్వారా కలపండి. గేమ్ మోడ్‌లో కూడా మెనూయే ఈడుస్తూ ఉంటే మాత్రం కేబుల్ మార్చి, వేరే హెచ్‌డీఎంఐలో పెట్టి, స్లో మోషన్ వీడియో తీసి ఫ్రేముల లెక్కతో సహా ఇక్కడ రాయండి, మీ టీవీ మోడల్ పేరు కూడా చేర్చండి.