నాన్న నడకను వీడియో తీయడం ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. ఏడు నెలల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు గానీ ఎడమ కాలిని పక్కకు తిప్పి, ఈడుస్తూ వేస్తారు. గడప తగిలి రెండుసార్లు పడ్డారు. కొత్తగా వస్తున్న ఫిజియోథెరపిస్టు మొదటి రోజు వ్యాయామాలేమీ చేయించలేదు. ఆయన్ని అటూ ఇటూ నడిపించి ఫోన్‌లో వీడియోలు తీశారు, పాత చెప్పులు అడిగి చూశారు. ఇదంతా అవసరమా? నడకను పరీక్షించే ల్యాబ్‌కి తీసుకెళ్లాలా? ఏడు నెలలు దాటాయి, ఇక మెరుగుపడదంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ ఫిజియో చేసింది సరైన పని. ఇరవై రెండేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. నేను ఆలస్యంగా నేర్చుకున్నది కూడా ఇదే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా దగ్గరికి ఒక మగ్గం నేసే పెద్దాయన వచ్చేవారు. ఆయనకూ ఎడమ వైపే. కాలు ఈడుస్తున్నారు కదా, బలం లేదనుకుని నెలన్నర పాటు మంచం మీద పడుకోబెట్టి కాలు ఎత్తించాను. నడక ఏమీ మారలేదు. ఒకరోజు ఆయన చెప్పులు తిరగేసి చూశాను. ఎడమ చెప్పు ముందు అంచు, చిటికెన వేలు వైపు, అరిగి అరిగి లోపలి పొర బయటపడింది. మడమ కింద గీతలు మాత్రం కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అంటే ఆ మడమ నేలకు ఆనడమే లేదు. తర్వాత ఇంటికి వెళ్లి చూస్తే, మగ్గం గుంతలో కూర్చుని అదే కాలితో కింది చెక్కను గట్టిగా తొక్కుతున్నారు! తొక్కే బలం ఉంది, పాదాన్ని పైకి లేపే శక్తి లేదు. కాలు ముందుకు వేసేటప్పుడు పాదం వేలాడితే దాన్ని ఫుట్ డ్రాప్ అంటాం. చీలమండకు పట్టీలాంటి స్ప్లింటు వేసి, పాదం లేపడం మీద పని మొదలుపెట్టాకే ఆయన గడప దాటగలిగారు. ఆ నెలన్నర ఆయనది, నేను తిరిగి ఇవ్వలేను.

కాలు ఈడవడం చూడటానికి ఒకేలా ఉంటుంది, కారణాలు మాత్రం వేరు. పాదం లేవకపోవచ్చు. మోకాలు బిగుసుకుని వంగకపోవచ్చు. తుంటి దగ్గర కాలు ముందుకు రాకపోవచ్చు. ఏ కారణమైనా కాలు పొడవుగా ఉండిపోయి నేలకు తగులుతుంది కాబట్టి మనిషి దాన్ని పక్కనుంచి తిప్పి వేస్తాడు. మామూలు నడకలో గాల్లో ఉన్న పాదం వేళ్లకూ నేలకూ మధ్య ఎడం ఒకటి రెండు సెంటీమీటర్లే. అంత చిన్న తేడా కంటికి అందదు, వీడియోని నెమ్మదిగా నడిపితే అందుతుంది. పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి తీస్తే చాలు. కుడి అడుగు కూడా గమనించండి. చాలామందిలో మంచి కాలి అడుగే పొట్టిగా పడుతుంది, ఎందుకంటే ఆ కాసేపు బరువంతా ఎడమ కాలి మీద నిలబడాలి, దానికి భయం.

ల్యాబ్‌లో కీళ్ల మీద మెరిసే చిన్న బంతులు అతికించి చుట్టూ కెమెరాలతో చూస్తారు, పాదం ఎంత బలంగా నేలను నొక్కుతోందో నేలలోని పలకలు కొలుస్తాయి. సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్న పిల్లలకు ఆపరేషన్ ముందు అది ఎంతో ఉపయోగం. మీ నాన్నగారికి ప్రస్తుతం అవసరం లేదనే నా అభిప్రాయం. ఇంట్లోనే వరండాలో చాక్‌పీసుతో 4 మీటర్లు గీసి, మామూలుగా నడిచే వేగంతో ఎన్ని సెకన్లు పడుతోందో నెలకోసారి రాసుకోండి. పక్కన ఒకరు ఉండాలి సుమా. 1995లో జాక్వెలిన్ పెర్రీ అనే అమెరికన్ ఆర్థోపెడిక్ సర్జన్, సహచరులు పక్షవాతం రోగుల్ని వేగం ప్రకారం వర్గీకరించారు. ఆ లెక్కన 10 సెకన్లు దాటితే నడక దాదాపు ఇంటికే పరిమితం, 5 సెకన్లలోపు వస్తే బయట బాగా తిరగగలరు.

ఏడు నెలలంటారా, మొదటి మూడు నెలల్లో వచ్చినంత వేగంగా ఇప్పుడు రాదు. కానీ రోజూ నడిపిస్తే నడక బాగుపడటం ఏడాది దాటాక కూడా చూశాను. ఒకే కదలికను వందసార్లు చేయించకండి. 1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే శాస్త్రవేత్త పనివాళ్ల సుత్తి దెబ్బల్ని ఫిల్మ్ మీద కొలిచాడు. దెబ్బ పడే చోటు దాదాపు అదే, భుజం, మోచేయి కదిలే తీరు మాత్రం దెబ్బదెబ్బకీ వేరు. అంటే నేర్పు ఒకే కదలికను తిప్పి తిప్పి చేయడంలో లేదు, ప్రతిసారీ సర్దుకోవడంలో ఉంది. అందుకే గడప, మెట్టు, వాకిట్లో గరుకు నేల, తిరిగి కుర్చీలో కూర్చోవడం, అన్నీ కలిపి సాధన చేయించమని ఫిజియోని అడగండి.

కర్ర కుడి చేతిలోనే ఉండాలి. వేలి సందులో పట్టే హవాయి చెప్పులు మాన్పించి, మడమ వెనక పట్టీ ఉన్నవి కొనండి. పాతవి మాత్రం ఇంకొన్నాళ్లు దాచండి, మూడు నెలల తర్వాత కొత్త జత అడుగుభాగం పక్కన పెట్టి చూద్దురుగాని.