గ్రాఫ్ట్ వేయించుకోబోతున్న నా చిట్టితల్లికి

తల్లీ,

కింది పళ్ల దగ్గర చిగురు జారిపోయిందనీ, అంగిలి నుంచి చిన్న ముక్క తీసి అక్కడ అతికించే గ్రాఫ్ట్ వేయించుకుంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వినగానే గుండె దడదడలాడింది. ఆ వెంటనే గర్వంగానూ అనిపించింది. చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటున్నా నేను ఆరేళ్లు ఓ పక్క నమలడమే మానేసి గడిపాను. నువ్వు ఆరు నెలలు కూడా నాన్చలేదు. జారిన చిగురు తనంతట తాను తిరిగి రాదమ్మా, మంచి పని చేస్తున్నావు.

మందులు చీటీలో రాసినట్టే వేసుకో. షుగర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా డాక్టర్‌కి ముందే చెప్పు. చిగుళ్లలో ఇన్ఫెక్షన్ ఉంటే అది తగ్గాకే గ్రాఫ్ట్.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదువు. నాకు ఆపరేషనయిన మూడో రోజున అద్దంలో చూసుకుంటే, అతికించిన ముక్క పాలిపోయి తెల్లగా కనిపించింది. చచ్చిపోయిందేమోనని భయం పట్టుకుంది. అప్పట్నుంచి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి బొటనవేలితో కింది పెదవి లాగి చూడటమే పని. ఐదో రోజు రాత్రి అలా లాగుతుంటే లోపల ఏదో పుటుక్కుమంది. కుట్టు వదులై, ముక్క ఒక మూల కదులుతోంది. నాలుకతో తాకితే తెలుస్తోంది.

డాక్టర్ నన్ను తిట్టలేదు, నెమ్మదిగా చెప్పారు. మొదటి రెండు మూడు రోజులు ఆ ముక్కకు సొంతంగా రక్తం అందదట. కింది నుంచి ఊరే తడితోనే బతుకుతుందట. తర్వాత వెంట్రుకల కన్నా సన్నని రక్తనాళాలు మెల్లగా అందులోకి పాకుతాయి. పెదవి లాగిన ప్రతిసారీ నేను తెంపింది వాటినే. మొదట్లో తెల్లగా ఉండటం మామూలేనట, ఆగితే ఎర్రబడేదట. సగం ముక్క పోయింది. కొన్ని నెలలాగి అంగిలి నుంచి మళ్లీ తీయాల్సి వచ్చింది. రెండోసారి మీ పెదనాన్న బాత్రూమ్ అద్దానికి తువ్వాలు కట్టేశారు. నువ్వూ కట్టెయ్యి. చూడాల్సింది డాక్టర్, నువ్వు కాదు.

చిగురు కన్నా అంగిలి ఎక్కువ బాధపెడుతుంది, వేడివేడి కాఫీ గటుక్కున మింగి కాల్చుకున్నట్టు. అక్కడ కప్పడానికి ప్లాస్టిక్ పలక చేసిస్తారేమో ముందే అడుగు, నాకు అదే ప్రాణం పోసింది. అంగిలిలో రక్తం కారితే పుక్కిలించకు, గట్టిగా ఉమ్మకు. తడి గాజుగుడ్డతో పావుగంట కదలకుండా నొక్కి పట్టు. ఆగకపోతే అర్ధరాత్రయినా సరే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి, మొహమాటపడకు.

డాక్టర్ సరేననే దాకా అక్కడ బ్రష్ పెట్టకు, ఇచ్చిన మౌత్ వాష్‌తోనే సరిపెట్టుకో. ఆ తర్వాత మెత్తటి బ్రష్. నీ తోముడు నాకు తెలుసు కదా! నాలుగేళ్లప్పుడు మా ఇంట్లో ముక్కాలిపీట ఎక్కి నిలబడి, మోచేతుల దాకా నురగ కార్చుకుంటూ, 'పెద్దమ్మా, తెల్లగా అయ్యాయా?' అని అడిగేదానివి. గట్టిగా తోమితేనే తెల్లగా అవుతాయని నీకు చెప్పింది నేనే. అది తప్పు మాట తల్లీ. ఈ రెండు రోజులుగా అదే గుర్తొస్తోంది.

కుట్లు తీసిన సాయంత్రం ఫోన్ చెయ్యి. ఫొటో మాత్రం పంపకు, దానికోసం మళ్లీ పెదవి లాగుతావు. నీ గొంతు వింటే చాలు నాకు.

మీ పెద్దమ్మ